ఇంట్లో స్ట్రాబెర్రీ: అక్టోబరులో నాటి మార్చి దాకా పండ్లు కోసుకోవడం ఎలా

స్ట్రాబెర్రీ మొక్కను బతికించడం పెద్ద కష్టం కాదు. పూత తెప్పించి, ఆ పూతను కాయగా నిలబెట్టడం దగ్గరే అసలు పని ఉంది. మన ఊళ్లలో ఇంట్లో పెంచే చాలామందికి ఆకులు గుబురుగా వస్తాయి, తీగలు సాగుతాయి, పండు మాత్రం కనిపించదు. అప్పుడు ఎరువు తక్కువైందనుకుని ఇంకాస్త వేస్తారు. దాంతో ఆకులు మరింత పెరుగుతాయి. లోపం ఎరువులో లేదు, రాత్రి వేడిలో ఉంది.

స్ట్రాబెర్రీకి పూమొగ్గ మొక్క మొదట్లోని పొట్టి కాండంలో తయారవుతుంది. దీన్నే క్రౌన్ అంటారు. రాత్రి ఉష్ణోగ్రత 10 నుంచి 18 డిగ్రీల మధ్య, పగలు 20 నుంచి 26 డిగ్రీల మధ్య ఉంటే మొగ్గలు చక్కగా కడతాయి. పగలు 30 దాటి, రాత్రి 22, 23కి తగ్గకపోతే చాలా రకాలు మొగ్గ కట్టడమే మానేస్తాయి. మహాబలేశ్వరంలో సుమారు 1,350 మీటర్ల ఎత్తున, మన లంబసింగి, చింతపల్లి కొండల మీద ఈ పంట పండుతున్నది ఆ చలి వల్లే. కాబట్టి ఏడాదంతా పండించాలన్న ఆశ పక్కన పెట్టి, అక్టోబరు నుంచి మార్చి దాకా ఒక్క సీజన్‌ను గట్టిగా పట్టుకోండి. ఇంట్లో పెంచితే ఒక మొక్కకు సీజన్ మొత్తం మీద 150 నుంచి 250 గ్రాముల పండ్లు వస్తే బాగా వచ్చినట్టే. నలుగురున్న ఇంటికి 10, 12 మొక్కలు పెడితేనే తిన్నట్టు ఉంటుంది.

హైదరాబాద్, వరంగల్, కర్నూలు వైపు నవంబరు నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా రాత్రులు చాలినంత చల్లబడతాయి. విజయవాడ, విశాఖ లాంటి కోస్తా ఊళ్లలో చలి తక్కువ, కాలమూ తక్కువ. అక్కడివాళ్లు కుండీల స్టాండును కిటికీ పక్కన పెట్టి రాత్రంతా కిటికీ తెరిచి ఉంచాలి. అంతకంటే మంచిది, చక్రాలున్న స్టాండు కొని చీకటి పడ్డాక బాల్కనీలోకి నెట్టేయడం. పగలు లైటు కింద, రాత్రి ఆరుబయట. ఇంత చిన్న మార్పుతోనే పూతలో తేడా కనిపిస్తుంది.

ఏ రకం కొనాలి

స్ట్రాబెర్రీలో రెండు తరహాల సంగతి తెలిస్తే చాలు. ఒకటి, పగలు తక్కువగా ఉన్నప్పుడు పూసేవి: వింటర్ డాన్, స్వీట్ చార్లీ, కామరోసా, చాండ్లర్. రెండోది, పగటి నిడివిని పెద్దగా పట్టించుకోనివి: ఆల్బియాన్, శాన్ ఆండ్రియాస్. మొదటిసారి పెంచేవాళ్లు వింటర్ డాన్ గానీ స్వీట్ చార్లీ గానీ తీసుకోండి. రెండూ ఫ్లోరిడాలో, అంటే చలి అంతగా లేని చోట తయారైన రకాలు. మన చలికాలం వాటికి సరిపోతుంది. ఇంట్లో పూర్తిగా లైట్ల కింద, ఏసీ గదిలో పెంచేవాళ్లకు ఆల్బియాన్ మేలు. పండు గట్టిగా, తీపిగా ఉంటుంది.

మొక్కలే కొనండి, విత్తనాలు వద్దు. స్ట్రాబెర్రీ విత్తనం మొలకెత్తడానికే రెండు నుంచి ఆరు వారాలు తీసుకుంటుంది. మొలక ఆవగింజంత ఉంటుంది. అది పండ్ల దాకా వచ్చేసరికి మన చలికాలం దాటిపోతుంది. పైగా కొన్న పండు మీది గింజల నుంచి వచ్చిన మొక్క ఆ పండు లాంటి పండ్లే ఇస్తుందన్న హామీ లేదు. నీలం రంగు స్ట్రాబెర్రీ విత్తనాలంటూ ఆన్‌లైన్‌లో అమ్మేది శుద్ధ మోసం. అలాంటి పండే లేదు.

మొక్కలు రెండు రూపాల్లో దొరుకుతాయి: ట్రేలో పెంచిన నారు, మట్టి లేని ఉత్త వేళ్ల మొక్క. మొదటిసారైతే ట్రే నారు తీసుకోండి. క్రౌన్ కనీసం పెన్సిలంత లావుండాలి, వేళ్లు తెల్లగా గానీ లేత గోధుమ రంగులో గానీ ఉండాలి. క్రౌన్‌ను వేలితో నొక్కితే మెత్తగా దిగినా, వేళ్లు నల్లగా ఉన్నా తిప్పి పంపేయండి. సెప్టెంబరులోనే ఆర్డరు పెట్టి, మొక్కలు అక్టోబరు మొదటి పక్షంలో చేతికొచ్చేలా చూసుకోండి. డిసెంబరులో నాటితే మొక్క నిలదొక్కుకునేలోపే చలి వెళ్లిపోతుంది.

వెలుతురు

పండు తీపెక్కడానికి కావలసింది వెలుతురు. దక్షిణం వైపు కిటికీ గానీ బాల్కనీ గానీ ఉన్నవాళ్లు అదృష్టవంతులు. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు కాబట్టి ఎండ గదిలోకి లోపలిదాకా వస్తుంది. రోజుకు ఆరు గంటలు నేరుగా ఎండ పడే చోటుంటే లైట్ల ఖర్చు అక్కర్లేదు. తూర్పు కిటికీ అయితే పొద్దుటి ఎండకు తోడు లైటు కావాలి. ఉత్తరం కిటికీకి పూర్తిగా లైట్లే దిక్కు.

ఊదా రంగు గ్రో లైట్లే కొనాలని లేదు. ఇంట్లో వాడే తెల్లని ఎల్‌ఈడీ ట్యూబులు, 4000 కెల్విన్ రంగువి, బాగా పనిచేస్తాయి. నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పున్న షెల్ఫుకు 20 వాట్ల ట్యూబులు నాలుగు పక్కపక్కనే బిగించండి. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పున్న జాగా అయితే 50 నుంచి 60 వాట్ల మంచి ప్యానెల్ ఒకటి చాలు. లైటుకూ ఆకులకూ మధ్య ట్యూబులకైతే 15 నుంచి 20 సెంటీమీటర్లు, ప్యానెల్‌కైతే 30 సెంటీమీటర్ల దూరం ఉంచండి. ఫోన్‌లో వెలుతురు కొలిచే లక్స్ మీటర్ యాప్ వేసుకుని ఆకుల ఎత్తున కొలిస్తే 15,000 నుంచి 20,000 లక్స్ చూపించాలి. ఫోన్ కొలత అంత కచ్చితం కాకపోయినా అంచనాకు పనికొస్తుంది. 5,000 చూపిస్తే మాత్రం ఆ చోట ఆకుల కాడలు సన్నగా, పొడుగ్గా సాగుతాయి, కాయ పుల్లగా ఉంటుంది. నాలుగు ట్యూబులు రోజుకు 12 గంటలు వెలిగితే నెలకు 29 యూనిట్ల కరెంటు అవుతుంది.

చాలామంది పొరపాటు పడేది లైటు వెలిగే గంటల దగ్గర. ఎక్కువ వెలిగితే ఎక్కువ కాస్తుందనుకుని 16 గంటలు వెలిగిస్తారు. ఆల్బియాన్‌కు 14, 15 గంటలు ఇవ్వొచ్చు. వింటర్ డాన్, స్వీట్ చార్లీలకు అలా ఇస్తే అవి ఎండాకాలం వచ్చిందనుకుని పూత ఆపి తీగలు వదులుతాయి. వీటికి 11 నుంచి 12 గంటలే ఇచ్చి, మిగతా సమయం నిజంగా చీకటిగా ఉంచాలి. హాల్లో టీవీ పక్కన పెట్టి, రాత్రి పదకొండు దాకా గది లైటు వేసి ఉంచితే మొక్కకు చీకటి దొరకనట్టే. నల్ల గుడ్డ కప్పినా సరే, టైమర్ ప్లగ్ ఒకటి కొని బిగించినా సరే, చీకటి పడే వేళ రోజూ ఒకటే ఉండాలి. హైదరాబాద్‌లో సహజంగా పగలు డిసెంబరులో 11 గంటలు, జూన్‌లోనూ 13 గంటలకు కాస్త అటూ ఇటూ. ఉత్త కిటికీ వెలుతురు మీద పెంచేవాళ్లకు పగటి నిడివితో ఇబ్బందే లేదు. మనం లైటు పెట్టి తెచ్చుకునే ఇబ్బంది ఇది.

కుండీ, కొబ్బరి పొట్టు మిశ్రమం

ఒక్కో మొక్కకు 6 నుంచి 8 అంగుళాల కుండీ, లోతు 6 అంగుళాలకు తగ్గకుండా. రెండడుగుల పొడవున్న తొట్టిలో 8 అంగుళాల ఎడంతో మూడు మొక్కలు పడతాయి. అడుగున రంధ్రాలు తప్పనిసరి. పెరటి మట్టి, ముఖ్యంగా నల్లరేగడి, వాడొద్దు. అది నీళ్లు పట్టుకుని క్రౌన్‌ను కుళ్లబెడుతుంది.

మిశ్రమం కొలత: రెండు వంతులు కొబ్బరి పొట్టు, ఒక వంతు వర్మీ కంపోస్టు, ఒక వంతు పెర్లైట్ (నర్సరీల్లో అమ్మే తేలికపాటి తెల్లటి రాతి గుళికలు). పెర్లైట్ దొరకకపోతే కాల్చిన వరి ఊక వాడొచ్చు, ముందు బాగా కడగాలి. 5 కిలోల కొబ్బరి పొట్టు ఇటుక నానితే దాదాపు 70 లీటర్లవుతుంది. 12 కుండీలకు అది ఎక్కువే.

కొబ్బరి పొట్టును నేరుగా వాడితే అందులోని ఉప్పు మొక్కను దెబ్బతీస్తుంది. స్ట్రాబెర్రీ ఉప్పును అసలు ఓర్చుకోదు. నానబెట్టి పిండి నీళ్లు పారబోయడం మూడుసార్లు చేయండి. మూడోసారి వచ్చిన నీళ్లు లేత టీ రంగులో ఉండాలి. తర్వాత లీటరుకు 2 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లలో ఒక రాత్రి ఉంచి, పొద్దున మళ్లీ ఒకసారి కడగండి. దీనివల్ల పొట్టుకు అంటుకుని ఉన్న సోడియం, పొటాషియం వదిలి వాటి చోట కాల్షియం కూర్చుంటుంది. ఈ ఒక్క రాత్రి పని మానేసినవాళ్లకే నెల తర్వాత లేత ఆకుల కొసలు మాడతాయి.

నాటడం

1. ట్రే నారును నాటే ముందు అరగంట నీళ్ల పళ్లెంలో ఉంచండి. ఉత్త వేళ్ల మొక్కయితే వేళ్లు మాత్రమే మునిగేలా 20 నిమిషాలు చాలు. 12 సెంటీమీటర్లు దాటిన వేళ్లను కత్తెరతో కత్తిరించండి. ముడుచుకుని పైకి తిరిగిన వేరు పనిచేయదు.

2. తడిపిన మిశ్రమంతో కుండీ అంచుకు ఒక అంగుళం కిందిదాకా నింపండి. ఉత్త వేళ్ల మొక్కకు మధ్యలో చిన్న దిబ్బ చేసి, వేళ్లను దాని చుట్టూ పరచండి.

3. క్రౌన్ ఎంత లోతుకు దిగిందో వంగి, పక్కనుంచి చూడండి. వేళ్లు మొదలయ్యే చోటు మిశ్రమంలో, కొత్త ఆకు చిగురొచ్చే చోటు బయట ఉండాలి. చిగురు పూడితే కుళ్లుతుంది, వేళ్లు బయటపడితే ఎండుతుంది. అర సెంటీమీటరు తేడా కూడా ఇక్కడ లెక్కే.

4. చేతి వేళ్లతో చుట్టూ మెల్లగా అదిమి, అడుగునుంచి కారేదాకా నీళ్లు పోయండి. నీళ్లు పోశాక మిశ్రమం కుంగుతుంది, క్రౌన్‌ను మళ్లీ చూసి సరిచేయండి.

5. మొదటి వారం లైటును కాస్త పైకి ఎత్తి పెట్టండి. పాత ఆకులు ఒకటి రెండు ఎండితే కంగారు పడొద్దు. పదో రోజుకు నడిమధ్య కొత్త ఆకు విప్పుకుంటే మొక్క పట్టుకున్నట్టు.

మొదటి రెండు మూడు వారాల్లో వచ్చే పూలను గిల్లేయండి. మనసొప్పదు, అయినా గిల్లేయాలి. వేళ్లు పరుచుకోకుండా కాయ మోస్తే మొక్క అక్కడితో ఆగిపోతుంది. తీగలు సీజన్ అంతా, కనిపించిన వెంటనే మొదట్లో తుంచాలి.

నీళ్లు

బోరు నీళ్లతోనే సగం మొక్కలు పోతాయి. నీళ్లలో కరిగిన ఉప్పును కొలిచే టీడీఎస్ మీటరు కొనండి. 300 లోపు చూపిస్తే నేరుగా పోయొచ్చు. 300 నుంచి 600 ఉంటే సగానికి సగం ఆర్వో నీళ్లు గానీ వాన నీళ్లు గానీ కలపండి. అంతకు మించితే ఆ నీళ్లు వద్దు. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు, పట్టి వాడుకోవచ్చు. ఆర్వో వదిలేసే వ్యర్థపు నీళ్లు మాత్రం పొరపాటున కూడా పోయొద్దు, ఉప్పంతా అందులోనే ఉంటుంది.

వేలు పెట్టి చూస్తే పైన ఒక సెంటీమీటరు ఆరినప్పుడు పోయండి. పోసిన నీళ్లలో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా అడుగున కారిపోవాలి. కింది పళ్లెంలో నిలిచిన నీళ్లను అరగంటలో పారబోయండి. పొద్దున పోయండి, అంచు వెంబడి పోయండి, క్రౌన్ మీద పోయొద్దు. కుండీ అంచున తెల్లటి పొర కనిపించిందంటే ఉప్పు పేరుకుంటోందని అర్థం. కుండీ పరిమాణానికి రెండింతల మంచి నీళ్లు మెల్లగా పోసి కడిగేయండి.

ఎరువు

మొదటి రెండు వారాలు ఏమీ వద్దు, వర్మీ కంపోస్టు చాలు. మూడో వారం నుంచి 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే, నీళ్లలో కరిగే ఎరువు) లీటరుకు అర గ్రాము చొప్పున వారానికి రెండుసార్లు. అర గ్రాము తూచడం కష్టం కాబట్టి 5 గ్రాములు 10 లీటర్లలో కలపండి. మొగ్గలు కనిపించాక 19:19:19ను పది రోజులకు ఒకసారికి తగ్గించి, వారంలో ఒక రోజు 13:0:45 (పొటాషియం నైట్రేట్), మరో రోజు కాల్షియం నైట్రేట్, రెండూ అదే కొలతలో ఇవ్వండి. పక్షానికొకసారి ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) లీటరుకు అర గ్రాము. సూక్ష్మపోషకాల మిశ్రమం ప్యాకెట్ మీద రాసిన మోతాదులో సగం. బోరాన్ అందకపోతే కాయ చిన్నగా, వంకరగా వస్తుంది. అలాగని విడిగా బోరాన్ కొనొద్దు, కాస్త ఎక్కువైనా విషమే.

కాల్షియం నైట్రేట్‌ను మరే ఎరువుతోనూ ఒకే బకెట్‌లో కలపొద్దు. గాఢంగా ఉంటే తెల్లగా విరిగి అడుగున పేరుకుంటుంది, మొక్కకు అందదు. ఈసీ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చెప్పేది) ఉన్నవాళ్లు ఎరువు కలిపిన నీళ్ల ఈసీ 1.0 నుంచి 1.4 మధ్య, పీహెచ్ (పులుపు, క్షారాల కొలత) 5.5 నుంచి 6.5 మధ్య ఉండేలా చూసుకోండి.

ఆకు మాడితే ముందు ఏ ఆకు మాడిందో చూడండి. ముదురు ఆకుల అంచులు మాడితే ఉప్పు ఎక్కువైంది, కడగాలి. లేత ఆకు ముడతపడి కొస నల్లబడితే కాల్షియం అందట్లేదు. లేత ఆకు పసుపు పచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే ఇనుము అందట్లేదు, ఇది ఎక్కువగా పీహెచ్ 7 దాటినప్పుడు వస్తుంది. ముందు నీళ్లు సరిచేయకుండా ఇనుము పోసి లాభం లేదు.

తేనెటీగ పని మీరే చేయాలి

స్ట్రాబెర్రీ పువ్వును దగ్గరగా చూడండి. తెల్ల రేకుల లోపల పసుపు కేసరాల వలయం ఒకటి, ఆ వలయం మధ్యలో ముళ్లదిమ్మెలా ఉబ్బెత్తు గుత్తి ఒకటి. ఆ గుత్తిలోని సన్నని పోగు ప్రతి ఒక్కటీ ఒక అండాశయానికి చెందినది. పండు మీద మనం గింజలనుకునేవి ఆ అండాశయాలే. ఏ పోగుకు పుప్పొడి అందితే ఆ గింజ చుట్టూ కండ ఉబ్బుతుంది. ఒక పక్క అందకపోతే ఆ పక్క గట్టిగా, పచ్చిగా మిగిలి పండు వంకర పోతుంది. బయట ఈ పని గాలీ తేనెటీగలూ చేస్తాయి. ఇంట్లో అవేవీ ఉండవు.

పిల్లల వాటర్ కలర్ బ్రష్, సన్నని మెత్తనిది, చాలు. పొద్దున 10 నుంచి 12 గంటల మధ్య చేయండి. కేసరాల మీద బంగారు పొడి లేచి కనిపించాలి. ఇంకా నున్నగా మెరుస్తుంటే రేపటికి ఆగండి. ముందు వలయం చుట్టూ బ్రష్ తిప్పి పొడి ఎత్తుకుని, తర్వాత నడిమి గుత్తి మీద అన్ని పక్కలా, పైనుంచి కింది అంచు దాకా మెల్లగా దువ్వండి. కింది అంచే ఎక్కువగా తప్పిపోతుంది. ఒకే పువ్వుకు మూడు రోజులు వరసగా చేయండి, పువ్వు విచ్చిన మొదటి నాలుగు రోజులే పని జరుగుతుంది. గాలిలో తేమ 80 శాతం దాటితే పొడి ముద్దకట్టి రాలదు. అలాంటి రోజు చిన్న ఫ్యాను అరగంట ముందు పెట్టి అప్పుడు చేయండి. వేడి 32 దాటిన రోజుల్లో పుప్పొడి బలహీనపడుతుంది, ఎంత తిప్పినా కాయలు సగమే కట్టొచ్చు.

పని కుదిరితే నాలుగైదు రోజుల్లో రేకులు రాలి, పోగులు గోధుమ రంగుకు తిరిగి, నడిమి దిమ్మె ఆకుపచ్చగా ఉబ్బుతుంది. ప్రతి పూల గెలలోనూ మొదట విచ్చిన పువ్వే అన్నిటికంటే పెద్ద కాయ ఇస్తుంది, దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ వదలొద్దు. గెల చివర వచ్చే చిన్న పూలను గిల్లేస్తే మిగతావి బలంగా పెరుగుతాయి.

పువ్వు నుంచి పండుకు చల్లటి రోజుల్లో 30 రోజులు, వేడెక్కితే 22, 23 రోజులు పడుతుంది. త్వరగా పండింది చిన్నగా, చప్పగా ఉంటుంది. స్ట్రాబెర్రీ కోశాక రంగు మారుతుందేమో గానీ తీపి పెరగదు. తొడిమ కింది భుజాల దాకా పూర్తిగా ఎర్రబడ్డాక మరో రోజు ఆగి, పొద్దున్నే ఒక సెంటీమీటరు కాడతో కత్తిరించండి. పండును పట్టి లాగొద్దు, కడిగి దాచొద్దు. తినే ముందే కడగండి.

పురుగులు, తెగుళ్లు

ఇంట్లో మొదటి శత్రువు ఎర్రనల్లి. పొడి గాలి, ఏసీ, వేడి దానికి ఇష్టం. ఆకు పైన సూది గుచ్చినట్టు లేత చుక్కలు, అడుగున సన్నని గూడు. వారానికోసారి ఆకు తిప్పి చూడండి. కనిపించిన రోజే ఆకుల అడుగుభాగాన్ని సింకు దగ్గర నీళ్లతో కడగండి, సగం పోతాయి. మిగతా వాటికి లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, ఒక మిల్లీలీటరు సబ్బు ద్రావణం బాగా చిలికి, లైటు ఆపాక సాయంత్రం అడుగు పక్కన తడిసేలా కొట్టండి. ఐదు రోజులకు ఒకసారి, మొత్తం మూడుసార్లు. గుడ్లు మందుకు చావవు కాబట్టే మూడుసార్లు. విచ్చిన పూల మీద పడనీయొద్దు. తామర పురుగులకు, పేనుబంకకు ఇదే మందు, తోడుగా నీలం, పసుపు జిగురు అట్టలు.

ఆకులు దొన్నెలా పైకి ముడుచుకుని అడుగున తెల్లపొడి కనిపిస్తే బూడిద తెగులు. పండు మీద బూడిదరంగు నూగు వస్తే బూజు తెగులు. రెండింటికీ గాలి ఆడకపోవడమే మూలం. సోకినవి తీసి సంచిలో కట్టి పారేయండి, కాయలు తడి మిశ్రమానికి తగలకుండా కుండీ అంచు మీదికి వేలాడదీయండి. చిన్న ఫ్యాను రోజంతా మెల్లగా తిరిగితే ఈ రెండూ చాలావరకు దగ్గరికి రావు. తినే పండు మీద, అదీ ఇంట్లో, రసాయన మందులు కొట్టమని మేం సలహా ఇవ్వం.

అమెరికా, బ్రిటన్ వంటి చలి దేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు లెక్క తిరగబడుతుంది. చలి సమస్య కాదు, శీతాకాలంలో కిటికీ వెలుతురే చాలదు. ఆల్బియాన్ పెట్టి 14 గంటలు లైటు వేయండి. హీటరు నడిచే గదిలో గాలి బాగా పొడిబారి ఎర్రనల్లి విరుచుకుపడుతుంది కాబట్టి మొక్కలను హీటరుకు దూరంగా, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో ఉంచండి.

మార్చి తర్వాత

మార్చి చివరికి పూత ఆగిపోతుంది, మొక్కలు తీగలు వదలడం మొదలెడతాయి. ఇప్పుడు వాటిని తుంచొద్దు. బాగా కాసిన, తెగులు సోకని రెండు మూడు మొక్కలను ఎంచుకుని, ఒక్కో దానికి రెండు తీగలే ఉంచండి. తీగ మీద ఆకులు విప్పుకుని, అడుగున చిన్న వేరు మొటిమలు కనిపించే పిల్ల మొక్కను కడిగిన కొబ్బరి పొట్టు నింపిన కాగితం కప్పులో ఆనించి, కదలకుండా తీగ మీదుగా హెయిర్ పిన్ గుచ్చండి. నాలుగు వారాలకు మెల్లగా లాగి చూస్తే కదలదు. అప్పుడు తల్లి వైపు తీగ కత్తిరించండి. ఎండాకాలమంతా ఈ పిల్లలను నేరుగా ఎండ తగలని, వెలుతురున్న చోట ఉంచి, ఎరువు దాదాపు ఆపేసి, తడి ఆరకుండా చూసుకుంటే సెప్టెంబరుకు నాటడానికి సిద్ధమవుతాయి. కోస్తాలో మే నెల వేడికి వీటిలో సగం పోతాయి కాబట్టి కావలసిన దానికి రెట్టింపు పిల్లలు తీసి పెట్టుకోండి. తల్లి మొక్కలను తీసేయండి, రెండో ఏడు వాటి కాపు తగ్గుతుంది. పాత కొబ్బరి పొట్టును స్ట్రాబెర్రీకి మళ్లీ వాడకుండా పూల మొక్కలకు వేయండి.